డీజిల్‌కు అంత పెట్టొచ్చా?

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ డైరీ ఏదో ఎరువుల కంపెనీ వాళ్లు షోరూమ్‌కు ఇచ్చి పోయింది. ప్రతి పేజీ అడుగునా ఒక బస్తా బొమ్మ ఉంది. నెల రోజులుగా సొరుగులో ఖాళీగా పడి ఉంటే నేను తెచ్చుకున్నాను. హాస్టల్లో నా రూమ్మేట్ నిన్న రెండు చేతులెత్తి దండం పెట్టింది, నీ షోరూమ్ కథలు ఇంక నాకు చెప్పొద్దు తల్లీ అని. కాబట్టి ఇకనుంచి ఈ బస్తాలకు చెప్పుకుంటాను.

మొదటి కథ. మా షోరూమ్‌లో అమ్మేది ఒక్కటే బండి, డీజిల్ పికప్. కడపలో రాయచోటి రోడ్డుకు అవతల, సరిగ్గా మా అద్దానికి ఎదురుగా ఇంకో షోరూమ్ ఉంది. అక్కడ పెట్రోల్‌తో నడిచే చిన్న ట్రక్కులు అమ్ముతారు. మా బండి కంటే మూడు లక్షలు తక్కువ. అందుకని మా గుమ్మం తొక్కే ప్రతి మనిషీ ఒకటే అడుగుతాడు, డీజిల్‌కు అంత పెట్టొచ్చా అని. ఈ నెలాఖరులోగా ముగ్గురికి పెట్టొచ్చు అని నచ్చజెప్పి మూడు బండ్లు అమ్మితే నా ఉద్యోగం పర్మనెంటు. లేకపోతే పెట్టే బేడా సర్దుకుని వేంపల్లెకు, మా నాన్న అరటితోటకు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా తోట బాగుందని చెబుతున్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు.

ఒకటి అమ్మాను. ఇంకా రెండు.

ఫిబ్రవరి 4, మంగళవారం

మాధవరం నుంచి ఒకాయన వచ్చాడు. పేరు వీరభద్ర. ముప్పై ఏళ్లుంటాయి. గోళ్ల చుట్టూ నీలం రంగు పట్టి ఉంది, అడిగితే నూలు రంగు అన్నాడు. వాళ్ల వీధిలో నలభై మగ్గాలున్నాయట. అందరి చీరలూ ఈయనే మూటలు కట్టి కడప, ప్రొద్దుటూరు అంగళ్లకు వేసి, వచ్చేటప్పుడు నూలు తెస్తాడు. ఇన్నాళ్లూ మోటార్ సైకిల్ మీదే. ఇప్పుడు నలభై ఇళ్లవాళ్లూ కలిసి ఒక బండి కొందామనుకున్నారు.

"నలభై ఇండ్ల సొమ్ము మేడం. ఊరికే పెట్టలేను. డీజిల్‌కు ఇంత ఎక్కువ పెట్టేది గిట్టుతుందా, గిట్టదా, కరెక్టుగా చెప్పండి."

అరగంట చెప్పాను. బానెట్ ఎత్తి చూపించాను. వెనక డోరు దించి ఎక్కించాను. ఒక్క మాటకు అడ్డు రాలేదు, ఫోన్ చూడలేదు. నేను మాట్లాడుతుంటే ఎవరైనా అరగంట ఊరికే విని ఎన్నాళ్లయిందో. చివర్లో "ఆలోచించుకుని వస్తా" అన్నాడు. అందరూ అదే అంటారు. ఒక్కరూ రారు.

ఫిబ్రవరి 6, గురువారం

వచ్చాడు.

బరువు తక్కువైతే డీజిల్ తేడా ఎంత అని అడిగాడు. నేను కాగితం తీసి ఆయన తిరుగుడంతా రాయించుకున్నాను. కడపకు వారానికి రెండుసార్లు. ప్రొద్దుటూరుకు నెలకు ఒకసారి. ఎప్పుడూ మూడు వందల కిలోలు దాటదు. చీరలు కదా.

ఆయన వెళ్లాక లెక్క వేశాను. డీజిల్ బండి రోజుకు వంద కిలోమీటర్లు, టన్నుకు తగ్గకుండా లాగితేనే పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. కొంచెం కొంచెం తిప్పి పక్కన పెడితే సైలెన్సర్ దగ్గరి ఫిల్టర్‌లో మసి చేరి అదొక తలనొప్పి. లీటరు మీద పన్నెండు రూపాయలు మిగిలి మిగిలి ఆ మూడు లక్షలు తిరిగొచ్చేసరికి మా ఇద్దరికీ తల నెరుస్తుంది. ఈయనకు ఎదుటి షోరూమ్‌లోని పెట్రోల్ బండి చాలు, ఇంకా మిగులు.

'మా ఇద్దరికీ' అని ఎందుకు రాశానో తెలియదు. కొట్టేస్తే పేజీ పాడవుతుంది, ఉండనీ.

ఈసారి వచ్చినప్పుడు చెప్పేస్తాను.

ఫిబ్రవరి 8, శనివారం

రాలేదు.

ఫిబ్రవరి 10, సోమవారం

వచ్చాడు. మైలేజీ గురించి అడిగాడు. మంచి ప్రశ్న, దానికి సగంలో జవాబు చెప్పడం పద్ధతి కాదు కాబట్టి అసలు సంగతి చెప్పడానికి వ్యవధి చిక్కలేదు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్నాడు. ఈ వివరం ఎందుకంటే కస్టమర్ గురించి అన్నీ రాసి పెట్టుకోవాలని ట్రైనింగ్‌లో చెప్పారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

రెండో బండి అమ్మేశాను. ఎర్రగుంట్ల నుంచి కంబన్న అని నల్లబండల వ్యాపారి వచ్చాడు. రోజుకు నూట యాభై కిలోమీటర్లు, టన్నున్నర బండలు.

"ఏం పాపా, డీజిల్‌కు అంత పెట్టొచ్చునా?"

"మీరు కళ్లు మూసుకుని పెట్టొచ్చన్నా. రెండేండ్లలోపల మీ డబ్బు మీకు వస్తుంది."

కాగితం మీద వేసి చూపించాను. సంతకం పెట్టాడు. మొత్తం పది నిమిషాలు, అందులో రెండు నిమిషాలు ఆయన కళ్లజోడు వెతుక్కోవడానికి పోయాయి.

మా మేనేజర్ శామ్ సార్ పిలిచారు. "ఇంకొకటే కదమ్మా. ఆ మాధవరం పార్టీ మూడుసార్లు వచ్చినాడు. బేరం ఎందుకు తెగ్గొట్టలేదు?"

"వాళ్లు నిదానం మనుషులు సార్. ఇంకో వారం పడుతుంది."

ఒక మనిషికి పది నిమిషాల్లో చెప్పినదాన్ని ఇంకో మనిషికి వారమైనా చెప్పలేదు. బండల లెక్క సులభం. చీరల లెక్క అంత సులభం కాదు. అంతే తేడా.

ఫిబ్రవరి 13, గురువారం

ఈరోజు కొంప మునిగేది. కూర్చోగానే అన్నాడు, "మేడం, ఎన్ని దినాలని తిరుగుతా. మీరు సరే అంటే బుక్ చేసేద్దాం."

ఫారం నా చేతికింద ఉంది. పెన్ను ఉంది. శామ్ సార్ తన గది అద్దం వెనకనుంచి చూస్తున్నారు. నేను నోరు తెరిచి ఏమన్నానంటే, "తొందరపడకండి. మీకు ఇంజన్లో టర్బో గురించి చెప్పనే లేదు కదా."

టర్బో గురించి నలభై నిమిషాలు చెప్పాను. అంత ఉందని నాకే తెలియదు. ఆయన ముఖంలో ఎంత సంతోషం కనిపించిందంటే, టర్బో అంటే అంత ఇష్టం ఉన్న మనిషిని నేను చూడలేదు.

బస్టాండు దగ్గర కారం దోసె తింటూ ఆలోచించాను. ఈయన మా డీజిల్ కొంటే నలభై ఇళ్ల డబ్బు వృథా. నిజం చెబితే రోడ్డు దాటి ఎదుటికి పోతాడు, నేను వేంపల్లెకు పోతాను. ఎటు చూసినా ఇంక మా షోరూమ్‌కు రాడు. రాకపోతే నాకేం. రాకపోతే నాకేం అని ఇక్కడ రెండోసారి రాస్తున్నాను, దోసె తింటూ కూడా నాలుగైదుసార్లు అనుకున్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

షోరూమ్‌కు ఎర్ర బెలూన్లు కట్టారు. ఒక్క బండీ కదల్లేదు. అతను రాలేదు. వస్తాడని నేనేం అనుకోలేదు. ఏడింటిదాకా ఉన్నది స్టాకు సరిచూసుకోవడానికి. స్టాకు సరిగ్గానే ఉంది, ఆరు బండ్లు.

ఫిబ్రవరి 15, శనివారం

పదకొండున్నరకు అద్దంలోంచి చూస్తే అతను రోడ్డుకు అవతల ఉన్నాడు. ఎదుటి షోరూమ్‌లో ఆరాధన అని ఒకామె పనిచేస్తుంది. నాకంటే పొడుగు, మాటకు ముందు నవ్వుతుంది. ఆమె అతన్ని పెట్రోల్ బండిలో కూర్చోబెట్టి స్టీరింగ్ పట్టుకోమని చూపిస్తోంది. స్టీరింగ్ ఎలా పట్టుకోవాలో మోటార్ సైకిల్ తోలే మనిషికి ఒకరు చూపించాలా. ఇరవై అయిదు నిమిషాలు. గడియారం చూస్తున్నాను కాబట్టి కచ్చితంగా చెప్పగలను.

తర్వాత వాళ్ల కాగితం చేత్తో పట్టుకుని నేరుగా రోడ్డు దాటి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఏమంటోంది ఆ అమ్మాయి?" అన్నాను.

"మీకు పెట్రోలు చాలంటాండాది."

తొమ్మిది రోజులుగా నేను చెప్పని నిజాన్ని ఆమె ఇరవై అయిదు నిమిషాల్లో చెప్పేసింది. సరే, అదే నిజమని చెప్పి మర్యాదగా పంపించాల్సింది. నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది.

"గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలంటే పెట్రోలుకు దమ్ము చాలదు. మీరు ఘాట్ ఎక్కుతారా?"

"ఎక్కను మేడం."

"ఒకవేళ ఎక్కాల్సి వస్తే?"

"వస్తే శానా కష్టమే," అన్నాడు.

ఇద్దరం ఘాట్ గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. అతని చీరల మూటలకు ఆ దారిలో పనే లేదు. హాస్టల్‌కు వచ్చి మెట్లు రెండేసి ఎక్కాను, రూమ్మేట్ జ్వరమేమోనని నుదురు తాకి చూసింది.

ఫిబ్రవరి 17, సోమవారం

బండిని వాళ్ల వీధికి తెచ్చి చూపించాలట. "మా అవ్వ చూడల్లంటాండాది. ఆమె సరే అంటే నలబై ఇండ్లూ సరే అన్నట్టే."

డెమో బండి డ్రైవర్ ఊరికి పోయాడు. నేనే తెస్తానన్నాను. వేంపల్లెలో పదహారో ఏటినుంచి ట్రాక్టర్ తోలాను, పికప్ ఎంత. గురువారం పొద్దున్నే రమ్మన్నాడు. శామ్ సార్ బండి తాళం ఇస్తూ, "వట్టి చేతులతో రావద్దమ్మా" అన్నారు.

ఫిబ్రవరి 20, గురువారం

మొదటినుంచి రాస్తాను. లేకపోతే నాకే నమ్మకం కలగదు.

ఆరింటికి కడపలో బయలుదేరాను. రోడ్డు ఖాళీ. కిటికీ దించుకుని పాడుకుంటూ పోయాను, నాకు పాట రాదు. ఆరూ ముక్కాలుకు మాధవరం. వీధి మొదట్లోనే మగ్గాల చప్పుడు వినబడుతోంది. వీధి చివర వీరభద్ర నిలబడి రెండు చేతులూ ఎత్తి ఊపుతున్నాడు. ఎంత ఆత్రంగా పిలుస్తున్నాడో అనుకుని గేరు మార్చి లోపలికి పోనిచ్చాను.

పిలవడం కాదు, ఆగమనడం.

వీధి నడుమ, ఒక ఇంటి ముందునుంచి పది ఇళ్ల అవతలిదాకా, నడుమెత్తున తెల్లటి నూలు చాపలాగా సాగదీసి ఉంది. చీర నేయడానికి ముందు నిలువు పోగులన్నీ అలా కట్టి గంజి పట్టిస్తారట. దాన్ని పడుగు అంటారు. ఇద్దరు మగవాళ్లు పెద్ద కుంచె చెరో వైపు పట్టుకుని దాన్ని దువ్వుతున్నారు. నేను బ్రేకు తొక్కాను. పడుగుకు నాలుగడుగుల్లో బండి ఆగింది, దుమ్ము ఆగలేదు.

"ఇంజను ఆపు పాపా. ముందు దాన్ని ఆపు," అని ఒక ముసలామె అరుగు మీదినుంచి చేయి చాచి అరిచింది. గిడ్డమ్మ, వీరభద్ర వాళ్ల అవ్వ. ఆపేశాను. దుమ్ము తడి గంజి మీద పడకుండా ఆడవాళ్లు కొంగులతో విసురుతున్నారు. వెనక్కి తీసుకుపోదామని అద్దంలో చూస్తే, వెనకాల ఇంకో పడుగు. నేను అటు దాటగానే ఆ ఇళ్లవాళ్లు తమది కట్టేశారు. ఎండ ముదరకముందే కుంచె వేయాలి, నాకోసం ఎవరు ఆగుతారు. ముందొక పడుగు, వెనకొక పడుగు, నడుమ నేనూ తొమ్మిది లక్షల డీజిల్ బండీ.

"ఆరేదాకా బండి కదిలేది లేదు," అన్నాడు వీరభద్ర. "రెండు గంటలు. తప్పుగా అనుకోవద్దు మేడం."

దిగి, అరుగు దగ్గరికి పోదామని, పడుగు కొంచెం కిందికి ఉన్నచోట దాటబోయాను. వీధి వీధంతా ఒక్కసారి 'ఆఁ' అంది. పడుగును దాటకూడదట, కిందినుంచి వంగి పోవాలట. వంగాను. వంగి లేస్తుంటే చున్నీ కొస గంజికి అతుక్కుంది. లాగబోతే వీరభద్ర "లాగొద్దు" అని వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క పోగు తెగకుండా దాన్ని విడదీశాడు. ఎంత సేపు పట్టిందో తెలియదు. ఇంకొంచెం సేపు పట్టినా నాకు అభ్యంతరం లేదు.

గిడ్డమ్మ అరుగు మీద కూర్చోబెట్టి బొరుగులతో చేసిన ఉగ్గాని పెట్టింది.

"యా ఊరు పాపా మీది?"

"వేంపల్లె అవ్వా. అరటితోటలు."

"అంత బండి ఒక్కదానివే తోలుకొస్తివా?"

"ఒక్కదాన్నే."

"మగోళ్లు మన వీధి మలుపులో తిప్పలేక చస్తాండారు," అని పక్కింటామెతో చెప్పింది. నేను ఉబ్బిపోయాను.

గడప లోపల ఆ వారం చీరల మూటలు ఉన్నాయి. తొమ్మిది. ఎడాపెడా వేసినా ఆటోలో పట్టేవి. బయట మా బండి వీధికి అడ్డంగా నిలబడి ఉంది, నీళ్ల బిందెలతో వచ్చేవాళ్లు దాని పక్కనుంచి గోడకు రాసుకుంటూ పోతున్నారు. కాగితం మీద నాకు ఇదంతా ఎప్పుడో తెలుసు. కళ్లతో చూడడం వేరు. కుంచె దువ్వుతున్న మనిషి చేతులు నరాలు తేలి ఉన్నాయి. ఆయనదీ ఒక వాటా ఉంటుంది ఈ బండిలో.

గిడ్డమ్మ నా పక్కన కూర్చుంది. "పాపా, నాకు మీ లెక్కలు తెల్దు. ఆ డీజిల్‌కు అంత పెట్టొచ్చునా? నీ సొంతానికైతే పెడతావా? అది చెప్పు."

వీరభద్ర స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"పెట్టనవ్వా," అన్నాను. "మీకు ఇది దండగ. ఈ వీధిలో తిరగదు, ఈ మూటలకు ఇంత బండి అక్కర్లేదు, ఊరికే పెడితే మసి పడుతుంది. మా ఎదుటి షోరూమ్‌లో పెట్రోలు బండి తీసుకోండి, మూడు లక్షలు మిగుల్తాయి. నాకు ఈ సంగతి ఈయన రెండోసారి వచ్చినప్పుడే తెలుసు. చెప్పలేదు. తప్పు నాదే."

ఒక్క ఊపిరిలో చెప్పేసి ఉగ్గాని గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాను. ఏడుపు వచ్చేట్టు ఉంది. గిడ్డమ్మ నవ్వడం మొదలుపెట్టింది. పళ్లు లేని నోటితో, భుజాలు ఊగేలా.

"నీకు రెండోసారి తెలిసిందా? వానికి తొలి దినమే తెలుసు గదా. ఆ పొద్దు అన్నం తింటానే చెప్పె, అవ్వా, డీజిలు మనకు గిట్టదు, పెట్రోలుదే తీసుకుందామని. మూడువేల పోగుల్లో ఒగటి తప్పితే కండ్లతోనే చెప్తాడు నా మనవడు, ఈ మాత్రం లెక్క రాదా? మరి మల్లా మల్లా కడపకు యాడికి పోతాండావురా అంటే, ఇంకా లెక్క చూసుకోవల్ల అంటాడు."

నేను తలెత్తాను. వీరభద్ర చెవులు ఎర్రగా ఉన్నాయి. లోపలికి పోయి మగ్గంలో కూర్చున్నాడు.

టర్బో గురించి నలభై నిమిషాలు. ఘాట్ గురించి గంట. అన్నీ తెలిసే విన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక మనిషిని కూర్చోబెట్టి పదహారు రోజులు అబద్ధమాడతారా అనిపించింది. ఆ తర్వాత నేనూ రెండు వారాలు అదే పని చేశానని గుర్తొచ్చి మంట చల్లారిపోయింది. చల్లారాక ఇంక నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. అదంతా గంజి వాసన.

పడుగు ఆరడానికి ఇంకా గంటంబావు ఉంది. లోపల మగ్గం మరీ వేగంగా ఆడుతోంది, మాటిమాటికీ ఆగుతోంది. "పోగులు తెంచుకుంటాండాడు," అని గిడ్డమ్మ నాకు వివరంగా చెప్పింది. వీధిలో ఆడవాళ్లందరికీ ఆ రోజు గిడ్డమ్మతో ఏదో ఒక పని పడింది, ఒక్కొక్కరూ వచ్చి నన్ను చూసి పోయారు.

వెనక పడుగు చుట్టేశాక బండి తీశాను. రివర్స్ చేయడానికి అతను బయటికి వచ్చాడు. "రైటు. రైటు. ఇంగొంచెం. స్ట్రైటు." అంతే మాట్లాడాడు. నా వైపు చూడలేదు, టైర్ల వైపే చూశాడు.

శామ్ సార్‌కు పార్టీ పోయిందని చెప్పాను.

ఫిబ్రవరి 22, శనివారం

పెద్దవాళ్లు ఆరుగురితో వచ్చి ఎదుటి షోరూమ్‌లో పెట్రోల్ బండి తీసుకున్నాడు. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆరాధన పూలదండ వేసి, అట్టతో చేసిన పెద్ద తాళం చేతికిచ్చి ఫొటో తీసింది. తెలుపు రంగు. మంచి నిర్ణయం, నేనే చెప్పాను.

ఒకసారి మా అద్దం వైపు చూశాడు. నేను స్తంభం వెనక్కి పోయాను. ఎందుకు పోయానో తెలియదు, కాళ్లే పోయాయి. మళ్లీ తొంగి చూసేసరికి బండి ఏడురోడ్ల కూడలి వైపు తిరిగిపోయింది.

ఫిబ్రవరి 24, సోమవారం

రాలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

రాలేదు. ఒకాయన వచ్చి డీజిల్‌కు అంత పెట్టొచ్చా అని అడిగితే, మీ ఇష్టం అన్నాను. శామ్ సార్ విన్నారు.

ఫిబ్రవరి 27, గురువారం

అతను ఎందుకు వస్తాడు. ఏమని వస్తాడు. అడగడానికి ఒక ప్రశ్న ఉండేది. దానికి జవాబు నేను వీధి వీధంతా వినేలా చెప్పేశాను. అవ్వ మిగిలింది కూడా చెప్పేసింది. ఇప్పుడు గుమ్మంలో అడుగు పెడితే శామ్ సార్ ఏం కావాలి అని అడుగుతారు. ఏం చెబుతాడు, టర్బో బాగుందా అని చూసిపోదామని వచ్చాను అంటాడా.

నాకు అతనంటే ఇష్టం. రాసేశాను. ఏం కాలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాకు అతనంటే చాలా ఇష్టం. ఈ మాట అరటితోటకు పోయినా మారదు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

శామ్ సార్ లోపలికి పిలిచారు. "ఇరవై ఏండ్లుగా ఈ లైన్లో ఉండానమ్మా. కస్టమర్ ఇంటికి పోయి, మా బండి వద్దు, ఎదురంగడిలో కొనుక్కోమని చెప్పి, ఉగ్గాని తిని వచ్చిన మనిషిని నిన్నే చూస్తాండా."

"అవును సార్."

"ఇంకో నెల చూస్తా. ఇన్సెంటివ్ లేదు." తలుపు దాకా వచ్చాక, "ఈ జీతానికి ఇంకెవరూ దొరకలేదు, అందుకని," అన్నారు.

నాన్నకు ఫోన్ చేసి ఇంకో నెల ఉంటానన్నాను. తోట బాగుందని చెప్పాడు.

మార్చి 1, శనివారం

రేపు సెలవు. మాధవరం పోవడానికి ఏం సాకు దొరుకుతుందా అని మధ్యాహ్నం నుంచి చూస్తున్నాను. డెమో చూపించాం కాబట్టి అభిప్రాయం రాసే ఫారం ఉంది, దాని మీద కస్టమర్ సంతకం కావాలి. కొనని కస్టమర్ సంతకం ఎవరికీ అక్కర్లేదు. రూమ్మేట్‌కు చీర కావాలని పోవచ్చు. రూమ్మేట్ చీర కట్టదు. ఉగ్గాని గిన్నె తిరిగి ఇవ్వడానికి పోవచ్చు, ఆ రోజు గిన్నె తెచ్చుకుని ఉంటే.

ఫారమే నయం. సంచిలో పెట్టుకున్నాను. రెండు పెట్టుకున్నాను, ఒకటి తడిస్తే.

మార్చి 2, ఆదివారం

ఏడున్నర బస్సుకు పోయాను. వీధి మొదట్లో దిగితే ఈసారి కూడా పడుగు కట్టి ఉంది. వంగి పోయాను, చున్నీ నడుముకు చుట్టుకుని. కుంచె పట్టుకున్న మనిషి నన్ను చూసి ఏం మాట్లాడకుండా గిడ్డమ్మ ఇంటి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. నేను అడగనే లేదు.

పెట్రోల్ బండి గోడ వారగా ఉంది. వీధిలో మనుషులు తిరగడానికి చోటుంది. లోపల మగ్గం ఆడుతోంది. గిడ్డమ్మ అరుగు మీద కూర్చుని చిక్కుపడిన నూలు విప్పుతోంది.

"రా పాపా. ఈ పొద్దు బండి యాది?"

"బస్సుకు వచ్చినా అవ్వా."

"కూసో. ఏం పని మీద వచ్చినావు?"

సంచిలో ఫారం ఉంది. రెండున్నాయి. దారంతా ఆ మాటే అప్పజెప్పుకుంటూ వచ్చాను, సంతకం కోసం వచ్చినా, మా ఆఫీసు రూలు అని. చేయి సంచిలో పెట్టాను. పక్కింటామె గుమ్మంలోకి వచ్చి నిలబడింది, ఎదురింటామె అప్పటికే ఉంది. గిడ్డమ్మ నూలు ఒళ్లో పెట్టుకుని నా ముఖంలోకి చూస్తోంది. ఇంకో సాకు చెప్పి ఇంకో పదహారు రోజులు తిరగడం నావల్ల కాదనిపించింది.

"పనేం లేదవ్వా," అన్నాను. "వీరభద్రను చూసి పోదామని వచ్చినా."

మెల్లగా అనాలనుకున్నాను. మగ్గాల చప్పుడులో వినబడదేమోనన్న భయానికి గొంతు పెద్దదయింది. లోపల మగ్గం ఆగింది. తర్వాత పక్కింటి మగ్గం ఆగింది, తర్వాత దాని పక్కది. వేంపల్లెలో నాన్నకు కూడా వినబడి ఉంటుంది.

అతను బయటికి వచ్చాడు. చేతిలో పోగును అటూ ఇటూ విసిరే మగ్గం నాడె ఉంది, దాన్ని ఎక్కడైనా పెట్టాలని కూడా తోచలేదు. నన్ను చూశాడు, అవ్వను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఎన్నో ప్రశ్నలు అడిగిన మనిషికి ఒక్కటీ దొరకలేదు. నాకు మాత్రం దొరికిందా. ఇద్దరం నవ్వుతూ నిలబడ్డాం, చూసేవాళ్లకు పిచ్చివాళ్లలా ఉండి ఉంటాం.

"రేపు నేను కడపకు వస్తాండా," అన్నాడు చివరికి.

"ఏం పనిరా?" అంది గిడ్డమ్మ.

"పనేం లేదు," అన్నాడు.